మౌనానికి మార్కులెన్ని?

పదేళ్ల బడి చదువులో నేను నోరు తెరిచి అడిగిన ప్రశ్న ఒకే ఒక్కటి.

ఏడో తరగతి. లెక్కల పీరియడు. బారువడ్డీ పాఠం. అసలు, కాలం, వడ్డీరేటు అని బోర్డు మీద రాసి మాస్టారు గబగబా చెప్పుకుపోతన్నారు. ఆ పాఠం నాకు బాగా కావాల్సిన పాఠం. అంతకు ముందు ఎండాకాలం మా నాయన కామందు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. అది ఎంతయిందో కామందు చెప్పిందే లెక్క. ఈ పాఠం వొస్తే ఆ లెక్క నేనే వేసి మా నాయనకి చెప్పొచ్చు గదా అని ఆశ. లేచి నిలబడి "ఇంకోసారి చెప్పండి మాస్టారూ" అన్నాను. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. "నీకు ముప్పయ్యయిదొస్తే చాలు గదే, మళ్లీ ఎందుకు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మా పల్లె పిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు. ఆ రోజు మూసుకున్న నోరు మళ్లీ తెరుచుకోవడానికి బీయీడీ దాకా పట్టింది.

ఆ మాస్టారు చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. అలాంటివాళ్ల గురించి మనవాళ్లు చాలా రాశారు, ఇంకా రాయాలి కూడా. ఇది నా గురించి. అదే బోర్డు ముందు, అదే సుద్దముక్క పట్టుకుని నిలబడే ఉద్యోగం నాకొచ్చాక, ఆ నవ్వు నవ్వకుండానే ఆయన చేసిన పని నేనెలా చేశానో చెప్పుకోవడానికి.

"ఈ పిల్లలు ప్రశ్నలే అడగరండీ" అనే మాట స్టాఫురూములో రోజూ వినపడుద్ది. 'ఈ పిల్లలు' అంటే ఎవరో అక్కడ అందరికీ తెలుసు. ఎందుకడగరో మాత్రం ఎవరూ అడగరు.

మాయమ్మ నలభయ్యేళ్లు ఊడ్పులకీ, కలుపులకీ, మినప చేలు పీకడానికీ పోయింది. పొద్దున్నే గట్టు మీద నిలబడి "ఇయ్యాల కూలెంతయ్యా" అని ఆవిడ అడగ్గా నేను వినలేదు. అడిగిన మనిషికి మర్నాడు పిలుపు రాదు. అలాగని మాయమ్మకి ప్రశ్నల్లేవా? రాత్రి పొయ్యి దగ్గర కూర్చుంటే అన్నీ ప్రశ్నలే. పగలు మింగినవన్నీ రాత్రి పొయ్యిలో ఊదేది. 1985 జులై 17 నాటి కారంచేడు ఎట్లా మొదలైంది? మేం తాగే నీళ్లు పాడు చేయొద్దని ఒక పిల్లాడూ ఒక తల్లీ అడిగిన అడుగుతో మొదలైంది. ఆ అడుగుకి ఆరు ప్రాణాలు పోయాయి. ఆ కబురు వినే మా పల్లెలన్నీ పిల్లల్ని పెంచాయి. నోరు మూసుకోవడం మాకు తెలివితక్కువతనం కాదు, బతకడం. పిల్ల ఆ మౌనాన్ని సంచీలో పెట్టుకుని బడికొస్తే, బడి దానికి 'వెనకబడిన విద్యార్థి' అని పేరు పెట్టింది.

బళ్లో ఇంకొక ముచ్చట కూడా ఉండేది. స్కాలర్‌షిప్పు కాగితాలొచ్చిన రోజు "ఎస్సీలు లేవండి" అనేవాళ్లు. లేచేవాళ్లం. కూర్చున్న వాళ్లు మమ్మల్ని లెక్కపెట్టేవాళ్లు. యూనిట్ పరీక్ష పేపర్లిచ్చేటప్పుడు మార్కులు పైకి చదివేవాళ్లు. అప్పుడూ లేవాలి. డబ్బులకి లేచినవాళ్లూ, తక్కువ మార్కులకి లేచినవాళ్లూ చాలాసార్లు ఒకళ్లే. సాంఘిక సంక్షేమ హాస్టల్లో రేకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివి, బెజవాడలో డిగ్రీ చేసి, 2014 డీయస్సీ రాసి 2016లో సోషల్ టీచరయ్యాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. చేరిన రోజు ఒక ఒట్టు పెట్టుకున్నాను. నా క్లాసులో ఏ పిల్లనీ కులం పేరు మీద గానీ మార్కుల పేరు మీద గానీ నిలబెట్టను అని.

నాలుగేళ్లు ఆ ఒట్టు నిలబడింది. తర్వాత తెగింది. నేను ఎవర్నీ నిలబెట్టలేదు. ఫోన్లో చేశాను.

2020 మార్చిలో బళ్లు మూతబడ్డాయి. అప్పుడు నేను బందరు అవతల, కాలవ శివారు ఊళ్లో పని చేస్తన్నాను. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు మొదలయ్యాయి. వాటికి తోడు ప్రతి క్లాసుకీ వాట్సాప్ గ్రూపు పెట్టమన్నారు. పదో తరగతికొచ్చిన పిల్లలు 41 మంది. ఫోన్ నంబర్లు దొరికింది 29. ఆ 29లో పల్లెవి 9. మిగతా పల్లె ఇళ్లల్లో ఉన్నవి డబ్బా ఫోన్లు. ఆ జూన్ ఒకటో తారీకునే కేరళలో, మలప్పురం జిల్లాలో, దళిత పిల్ల ఒకత్తి ఆన్‌లైన్ పాఠం వినే దారి లేక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయింది, స్మార్ట్‌ఫోన్ లేదు. మర్నాటి పేపర్లో అది చదివి నేను మా గ్రూపు తెరిచి చూశాను. గుడ్‌మార్నింగ్ పువ్వులున్నాయి. 2021లో జీన్ డ్రెజ్ తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేదల ఇళ్లకి పోయి పిల్లల్ని అడిగితే, పల్లెటూళ్లలో క్రమంగా ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు నూటికి 8 మంది. అసలు చదువే లేకుండా ఉన్నవాళ్లు నూటికి 37 మంది. ఆ లెక్క నాకు కొత్త కాదు. నా హాజరు పట్టీలో అప్పటికే ఉంది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ గ్రూపు నాకొక సంతోషాన్ని కూడా ఇచ్చింది. మూడేళ్లు నా క్లాసులో కూర్చుని ఒక్కసారీ చెయ్యెత్తని పిల్లలు రాత్రిపూట నా నంబరుకి విడిగా మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టారు. పగలు ఫోన్ నాన్న దగ్గరో అన్న దగ్గరో ఉంటది. రాత్రి పదింటికి గానీ చేతికి రాదు. ఒక పిల్లాడు పదకొండున్నరకి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పెట్టాడు. "టీచర్ వొక డౌట్. నీళ్లు పల్లానికే పారతాయి అన్నారు గదా. మా చేలు పల్లంలో ఉన్నాయి. మరి మాకు ఆకర్న ఎందుకొస్తన్నాయి?"

వాళ్ల నాన్న ఎకరం కౌలుకి చేస్తన్నాడు. ఆ ప్రశ్న చదివి నేను లేచి కూర్చున్నాను. ఇన్నేళ్లు కృష్ణా డెల్టా పాఠం చెప్తన్నాను. 1855లో ఆనకట్ట అయిందనీ, 1952లో దానికి గండి పడితే 1957కి ప్రకాశం బ్యారేజీ కట్టారనీ, డెల్టా కింద 13 లక్షల ఎకరాలుందనీ తేదీలతో సహా చెప్తాను. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నాకు నేనూ అడుక్కోలేదు. ఆ రాత్రి అరగంట కూర్చుని రాశాను. భూమి పల్లమే బాబూ, కానీ నీళ్లు నీ చేలోకి వొచ్చేలోపు దారిలో తూములు చాలా ఉన్నాయి. ఎగువన ఉన్నవాళ్లు కరువు భయంతో అవసరానికి మించి పెట్టుకుంటారు. కాలవలో మోటార్లు దించుతారు. పూడిక తీయరు, గుర్రపుడెక్క తీయరు. వంతులు పెడతారు గానీ వంతు చూసే మనిషి నీ తూము దాకా రాడు. నీళ్ల స్వభావం పల్లానికి పోవడం, పోనీయకపోవడం మనుషుల పని అని రాశాను. వాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు.

మర్నాడు వాడికి ఫోన్ చేసి "ఇంత మంచి ప్రశ్న గ్రూపులో అడగొచ్చు గదరా, అందరూ నేర్చుకుంటారు" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "గ్రూపులో అందరూ ఉంటారు గద టీచర్" అన్నాడు.

ఆ 'అందరూ' అన్న మాట నాకప్పుడు పూర్తిగా ఎక్కలేదు. తర్వాత ఎక్కింది. గ్రూపులో ఉన్న నంబర్లు పిల్లలవి కావు, తండ్రులవి. కాలవలో మోటారు దించిన రైతు నంబరు అందులో ఉంది. కౌలుకిచ్చిన ఆసామి నంబరుంది. ఆ పిల్లాడు ఆ ప్రశ్న అక్కడ పెడితే అది క్లాసులో ప్రశ్న కాదు, ఊరి నడిబొడ్డున రచ్చబండ దగ్గర వేసిన ప్రశ్న. క్లాసుకి నాలుగు గోడలన్నా ఉన్నాయి. గ్రూపుకి అవి కూడా లేవు. నేను తలుపులు తెరిచాననుకున్నాను. నిజానికి పిల్లల్ని తీసుకెళ్లి రచ్చబండ ముందు కూర్చోబెట్టాను.

గ్రూపులో ఇంకొకటి తరచూ కనపడేది. ఏదో మెసేజ్ వొచ్చినట్టు ఫోన్ మోగేది. తీసి చూస్తే 'ఈ మెసేజ్ తొలగించబడింది' అని ఉండేది. పక్కన పల్లె పిల్లల నంబరు. పలక మీద రాసి ఎంగిలితో తుడిచేసినట్టు. ఏం రాసి తుడిచారో ఇప్పటికీ తెలవదు.

2020 నవంబరులో తొమ్మిది, పది తరగతులకి రోజు విడిచి రోజు బడి పెట్టారు. ఫార్మేటివ్ పరీక్షలొచ్చాయి. తెలియని వాళ్ల కోసం చెప్తాను. అప్పట్లో ఫార్మేటివ్‌లో 50 మార్కులు. చిన్న పరీక్షకి 20. రాత పనికి 10. ప్రాజెక్టుకి 10. మిగతా 10 'పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు'. అంటే పిల్ల క్లాసులో ఎంత మాట్లాడింది, ఏం అడిగింది, ఎలా స్పందించింది అన్నది. రాసిన పెద్దల ఉద్దేశం మంచిదే. బట్టీకొట్టి రాసే పరీక్ష ఒక్కటే చదువు కాదని చెప్పడానికి పెట్టారు. కానీ ఆ ఏడాది సగం రోజులు బడే లేదు. ఎవరు మాట్లాడారో ఏ ఆధారంతో వేయాలి? రేపు ఎవరన్నా తనిఖీకి వొస్తే ఏం చూపించాలి? నాకు గ్రూపు గుర్తొచ్చింది. అందులో అంతా రాసి ఉంది. తారీకు, టైము, పేరు. ఎవరెన్ని ప్రశ్నలు పెట్టారు, ఎన్నిటికి జవాబిచ్చారు, కూర్చుని లెక్కపెట్టాను. ఒక రాత్రంతా పట్టింది. ఇంత నిక్కచ్చిగా మార్కులు ఎవరూ వేసి ఉండరని గర్వపడ్డాను కూడా.

విడిగా నాకు పెట్టిన ప్రశ్నలు లెక్కలోకి రాలేదు. అవి గ్రూపులో లేవు గదా. కాలవ ప్రశ్న అడిగిన పిల్లాడికి పదికి మూడు. రోజూ 'థాంక్యూ టీచర్' అని చేతులు జోడించిన బొమ్మ పెట్టే ఊరి పిల్లాడికి పదికి తొమ్మిది.

ఆ లిస్టు ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. అందరికీ ఒకేసారి తెలుస్తుంది, దాపరికం ఉండదు అనుకున్నాను.

పది నిమిషాలకి ఒక నంబరు గ్రూపులోంచి బయటికి పోయినట్టు కింద చిన్న అక్షరాల్లో వొచ్చింది. మా పల్లె పిల్లే. నెమ్మదస్తురాలు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. నేను వేసింది పదికి రెండు. నెట్ అయిపోయుంటది, రీచార్జి చేశాక వాళ్లే అడుగుతారులే అనుకుని వొదిలేశాను. అసలు సంగతి నెల తర్వాత ఇంకో పిల్ల చెప్పింది. ఆ పిల్ల తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. మిల్లు గుమాస్తా కొడుకు కూడా అదే క్లాసు. లిస్టు గుమాస్తా ఫోన్లోకీ వొచ్చింది. అందరి ముందూ "ఏరా, నీ కూతురికి పదికి రెండంట గదా, ఇంకెందుకు చదువు?" అన్నాడంట. ఆయన ఏం మాట్లాడలేదు. భుజాన ఉన్న బస్తా దించి, ఫోన్ తీసి, గ్రూపులోంచి పోయాడు. ఆ ఇంట్లో ఫోన్ అదొక్కటే. అది పగలంతా మిల్లులోనే ఉంటది. ఆ పిల్ల గ్రూపులో ఎట్లా మాట్లాడుద్దని నేనాలోచించలేదు.

2021 జూన్‌లో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రద్దు చేశారు. ఫార్మేటివ్ మార్కుల ఆధారంగానే గ్రేడ్లిచ్చారు. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సయించలేదు. బళ్లో పెట్టే ఉత్తుత్తి లెక్క అనుకుని వేసిన మార్కులు పిల్లల పదో తరగతి కాగితం మీద ఎక్కబోతన్నాయి. అవి కొద్దిగానే లెక్కకొచ్చి ఉండొచ్చు. కానీ వేసిన చెయ్యి నాది.

అప్పట్నుంచి ఈ సంగతి నన్ను వొదల్లేదు. తోటి టీచర్లతో వాదించాను. ఒకాయన అన్నాడు. "అందరికీ ఒకే రూలు పెట్టారు. ఒకే గ్రూపు, ఒకే లెక్క. ఇందులో కులం ఎక్కడుందమ్మా?" ఆయన మంచివాడే. ఆయనకి కాలవ ప్రశ్న చెప్పాను. వంతుల రూలు కూడా అందరికీ ఒకటేనండీ, అయినా శివారు ఎండుద్ది అన్నాను. తూకం న్యాయంగానే ఉండొచ్చు. కానీ కాటా ఎవరింటి వాకిట్లో పెట్టారో కూడా చూడాలి. ఆ వాకిట్లోకి చెప్పులతో రాలేని మనిషి తన ధాన్యం ఎలా తూయించుకుంటాడు? మార్కు అంటే పిల్లకి ఎంత తెలుసో చెప్పేది. నేను కొలిచింది అది కాదు. ఆ ఊళ్లో ఎవరికి నోరు తెరిచే హక్కుందో కొలిచాను. దానికి సోషల్ మార్కులని పేరు పెట్టాను.

"అయితే ఏం చేద్దామంటారు, పల్లె పిల్లలందరికీ తలా పది వేసేద్దామా?" అని ఇంకొకరు అడిగారు. ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. వేసేయొచ్చు. కానీ అలా వేస్తే నేను కూడా "నీకు ముప్పయ్యయిదొస్తే చాలు గదే" అన్నట్టే. ఆ మాస్టారి నవ్వులోనూ, జాలితో వేసే పది మార్కుల్లోనూ ఉన్నది ఒకటే. నీ నుంచి నేను ప్రశ్న ఆశించడం లేదు అని. ఎగతాళి మమ్మల్ని ఎంత చంపిందో జాలి కూడా అంతే చంపింది. మాకు కావాల్సింది ఆ రెండూ కావు. ఇంకోసారి చెప్పడం కావాలి. అంతే.

నేను తేల్చుకున్నది ఇది. ప్రశ్నకి మార్కులు వేయకూడదు. ప్రశ్న పిల్ల హక్కు. దానికి జవాబు టీచరు బాకీ. బాకీ తీర్చుకోవడానికి వొచ్చినవాళ్లకి మార్కులేయడమేంటి, రానివాళ్లకి కోయడమేంటి? మార్కు మాత్రం నేను చెప్పినదానికీ, పిల్ల చేతికి అందినదానికీ వేయాలి. అందించలేని దాన్ని కొలిచే హక్కు నాకు లేదు. ఇక వేసిన మార్కు ఆ పిల్లది. ఆ పిల్ల చెవిన పడాలి గానీ ఊరి చెవిన కాదు. రూలు ప్రకారం ఆ గడి నింపక తప్పదు. ఇప్పుడు అది నింపే ముందు ఒక్కొక్క పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడతాను. ఏం అర్థమైంది, ఏం కాలేదు అని అడుగుతాను. టైము చాలా పడుద్ది. పడనీ.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. దాని గురించి మన మిత్రులతో, ముఖ్యంగా చదువుకుంటున్న పిల్లలతో మాట్లాడాలని ఉంది. ఇప్పుడు నేను బెజవాడ పక్కన బళ్లో ఉన్నాను. హాస్టల్ నాటి నా రేకుపెట్టెకి పైన చీలిక కోయించి క్లాసులో పెట్టాను. పేరు రాయకుండా ప్రశ్న రాసి వేయొచ్చు. శనివారం తెరుస్తాను. అందులోని ప్రశ్నలూ, నా జవాబులూ గ్రూపులో పెడతాను. గ్రూపు ఇప్పటికీ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఏ పిల్ల ఏ మేడ మీదుందో, ఎవరికి పాలు కావాలో అందులోనే తెలిసింది. పనిముట్టుని తిట్టను. కానీ మార్కులు అందులో పెట్టను. పెట్టె పెట్టిన మొదటి నెల ఆరు చీటీలొచ్చాయి. ఇప్పుడు వారానికి ముప్పై దాకా వొస్తాయి. అంటే మనుషులు మాట్లాడని చోట పేరు లేని కాగితం మాట్లాడుతోంది.

పేరు లేకపోవడం విలువ నాకు తెలుసు. పబ్లిక్ పరీక్షలో నా పేపరు దిద్దినవాళ్లకి నా మొహం తెలవదు, నా పల్లె తెలవదు. అక్కడే నాకు ఫస్ట్ క్లాసొచ్చింది. మొహం చూసి మార్కులేసే చోట, అది ప్రాక్టికల్సయినా ఇంటర్నల్సయినా, ఎప్పుడూ నాలుగు తగ్గేవి. అంకె నన్ను కాపాడింది. కానీ అంకె చాటునే ఉండిపోతే ఎట్లా? అంబేద్కర్‌ని సతారా బళ్లో విడిగా గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనకాల పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని పిల్లలు పరుగెత్తి తీసుకున్నారు. ఆయన బోర్డు దగ్గరికి పోవడమే జవాబు. చీటీ పంపితే డబ్బాలు కదిలేవి కావు. 1917లో ఇదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు సభ పెట్టుకుని, 'పంచములు' అనే పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అన్నారు. వాళ్లు పేరు దాచుకోలేదు. పేరు మార్చి, పైకి చెప్పారు.

కాబట్టి ఆ రేకుపెట్టె వానొచ్చినప్పుడు నిలబడే చెట్టు లాంటిది. అక్కడ కాపురం ఉండలేం. ఈ మధ్య పిల్లలు ఫోన్‌లోని యంత్రాన్ని అడుగుతున్నారు. ఏ ప్రశ్నకైనా చిటికెలో చెప్తది, నవ్వదు, కులం అడగదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వం ట్యాబులిచ్చినప్పుడు కూడా నేను సంతోషించాను. ఇవన్నీ రావాలి. కానీ యంత్రాన్ని అడిగినప్పుడు పక్క బెంచీవాడు వినడు. పల్లె పిల్ల అడిగిన ప్రశ్న ఊరి పిల్లాడి చెవిన పడాలి. వాడు నవ్వకుండా వినడం నేర్చుకోవాలి. ఆ పాఠం చెప్పే బాధ్యత యంత్రం మీద పెట్టలేను.

ఇంత చెప్తన్న నేను ధైర్యవంతురాలినా? మా టీచర్లకీ ఒక గ్రూపుంది. ఒక రోజు అందులో ఎవరో రిజర్వేషన్ల మీద జోకు పెట్టారు. కోటాలో వొచ్చిన డాక్టరు ఆపరేషన్ చేస్తే ఏమవుద్దో అన్న పాత కుళ్లు జోకే. కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. నేను జవాబు టైపు చేశాను. మూడు వాక్యాలు రాశాను. పంపాను. వెంటనే తీసేశాను. కింద పడింది. 'ఈ మెసేజ్ తొలగించబడింది.' మా పిల్లలు ఏం రాసి తుడుచుకున్నారో తెలవదని ఇందాక అన్నాను. ఆ రాత్రి కొంచెం తెలిసింది. ప్రభుత్వ ఉద్యోగం, నెల జీతం, ఇద్దరు పిల్లల తల్లిని. నాకే అంత భయమైతే, మిల్లులో తండ్రి కూలి మీద బతికే పదిహేనేళ్ల పిల్లని మాట్లాడలేదని శిక్షించానా? ఒక వారం తర్వాత ఆ మూడు వాక్యాలూ మళ్లీ రాసి, స్టాఫురూములో పైకి చదివాను. గొంతు వొణికింది. ఎవరూ ఏం అనలేదు. అప్పట్నుంచి ఒకరిద్దరు నాతో టీ తాగడం మానేశారు. ఒకరిద్దరు కొత్తగా మొదలుపెట్టారు.

పోయిన సంక్రాంతికి ముందు బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపుకి పోయాను. కౌంటరు వెనకాల చీరలు తీసి చూపించే అమ్మాయి "టీచర్!" అంది. చేతిరాత ముత్యాల్లా ఉండే పిల్ల. ఇంటర్ మధ్యలో ఆపేసిందంట. నాన్నకి నడుం దెబ్బ తగిలిందంట. నా మూలాన ఆపేసిందని చెప్పలేను. నా ప్రమేయం లేదనీ చెప్పలేను. కుశల ప్రశ్నలయ్యాయి. చీర మడత పెడుతూ తలెత్తకుండానే అడిగింది.

"టీచర్, ఒకటి అడగనా? ఆ రోజు నాకు రెండు మార్కులెందుకేశారు?"

నా క్లాసులో మూడేళ్లు కూర్చున్న ఆ పిల్ల నన్నడిగిన మొదటి ప్రశ్న అది. ఏం చెప్పను? నిజమే చెప్పాను. "నువ్వేం మాట్లాడలేదు గదమ్మా, అందుకని."

ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. మడత పెట్టిన చీర పక్కన పెట్టి అంది.

"మీరు నన్ను అడగలేదు గద టీచర్."